బ్రిటన్ పాత పచ్చికల్లో వ్యాక్స్‌క్యాప్‌లు

మైనం పూసినట్టు నిగనిగలాడే వ్యాక్స్‌క్యాప్ పుట్టగొడుగులు బ్రిటన్‌లో శరత్కాలపు వానలకు పాత పచ్చిక బయళ్లలో మొలుస్తాయి. వీటిలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, గులాబి రంగులవి ఉన్నాయి. తరతరాలుగా గొర్రెలు మేసి పొట్టిగా ఉంచిన, నాగలీ రసాయన ఎరువూ ఎరుగని నిస్సారమైన నేలే వీటికి అనువు. నత్రజని, భాస్వరం పెరిగితే ఏపుగా పెరిగే గడ్డి నేలంతా కమ్ముతుంది, శిలీంధ్రాలు కనుమరుగవుతాయి.

అందుకే పశుగ్రాసం దిగుబడి పెంచే ప్రయత్నాలే వీటికి చేటు తెచ్చాయి. 1913లో జర్మనీలో గాలిలోని నత్రజనితో, ఎరువులకు మూలమైన అమ్మోనియాను భారీ ఎత్తున తయారుచేయడం మొదలైంది. 1919లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో వృక్ష ప్రజనన కేంద్రం ఏర్పడింది. దాని డైరెక్టర్ జార్జ్ స్టేపుల్డన్, పాత పచ్చికలను దున్ని రైగ్రాస్, క్లోవర్ అనే మేత మొక్కలను విత్తాలని ప్రబోధించాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో తిండిగింజల కోసం ప్రభుత్వమే పచ్చికలను దున్నించింది. యుద్ధం ముగిశాక 1947 వ్యవసాయ చట్టం రైతుకు ధరల హామీ ఇచ్చింది, ఎరువుల వాడకం ఊపందుకుంది. 1930ల నుంచి 1984 నాటికి ఇంగ్లండ్, వేల్స్ పల్లపు ప్రాంతాల సహజ పచ్చికల్లో దాదాపు 97 శాతం పోయాయి.

గ్రాసం దిగుబడితో ఎవరికీ పనిలేని చోట్ల మాత్రం పాత నేల మిగిలింది. చర్చి సమాధుల ఆవరణలు, పాత భవంతుల ముందరి పచ్చికలు, జలాశయాల గట్లు అలాంటివే. కార్డిఫ్‌లోని లానిషెన్, లిస్వేన్ జలాశయాల గట్లకూ, లెస్టర్‌షైర్‌లోని రోక్లిఫ్ మేనర్ పచ్చికకూ ఈ శిలీంధ్రాల వల్లనే చట్టరక్షణ దక్కింది.

ఏ స్థలం విలువైనదో తేల్చే కొలమానం డెన్మార్క్ నుంచి వచ్చింది. ఒక చోట కనిపించే వ్యాక్స్‌క్యాప్ జాతులను లెక్కపెట్టి ఆ పచ్చిక విలువ కట్టే పద్ధతిని శిలీంధ్ర పరిశోధకుడు యాన్ రాల్డ్ 1985లో ప్రతిపాదించాడు. 17 లేదా అంతకుమించి జాతులుంటే జాతీయ ప్రాముఖ్యం ఉన్నట్టు. పుట్టగొడుగులు ఏటా ఒకేలా మొలవవు కనుక చాలాసార్లు వెళ్లి చూడాల్సి ఉంటుంది.

1998లో బ్రిటన్ వన్యప్రాణి చట్టం కింద రక్షణ పొందిన నాలుగు శిలీంధ్రాల్లో వ్యాక్స్‌క్యాప్ ఒక్కటీ లేదు. అయినా గులాబి వ్యాక్స్‌క్యాప్ జీవవైవిధ్య కార్యాచరణ ప్రణాళికలో చోటు సంపాదించింది. పుట్టగొడుగులు కోయడాన్ని నిషేధించినంత మాత్రాన ఇవి నిలవవు, నేలను కాపాడాలి. ఎరువు, సున్నం చల్లకూడదు, చెట్లు నాటకూడదు. పశువులను మేపాలి, లేదా గడ్డి కోసి ఆ కోతను తీసివేయాలి. ఒకసారి ఎరువు పడిన పచ్చిక తిరిగి కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. కాబట్టి మిగిలిన పాత పచ్చికలను చెడకుండా చూడటమే సంరక్షణలో మొదటి పని.