సరిహద్దు పల్లెల బొంత: గుడ్డ, కొలత, కుట్టు, వెల

పాత నూలు చీరలను, పంచెలను పొరలు పొరలుగా పరచి, చేతికుట్టుతో ఒక్కటిగా కలిపివేసి, పక్కగానో కప్పుకొనే దుప్పటిగానో వాడుకొనే వస్త్రాన్ని తెలుగువారు బొంత అంటారు. సంస్కృతంలో దీనికి కంథ అని పేరు. ఒడియా మాట్లాడేవారు నేటికీ కంథా అనే అంటారు. ఉత్తర కర్ణాటకలో ఇది కౌది. మరాఠీ వారికి గోధడి, కొన్ని చోట్ల వాకళ. సరిహద్దు పల్లెలలో ఒకే ఇంట అత్తగారు బొంత అన్నదానిని కోడలు కౌది అనడం, మనుమడు రెండు మాటలూ అనడం మనం నిత్యం వింటున్నదే. పేరు మారినా పని మారలేదు.

మన పత్రికలలో "అతుకుల బొంత" అన్న మాట నిలకడ లేని ప్రభుత్వాలకు, పొంతన లేని పనులకు పేరైపోయింది. బొంత కుట్టినవారు ఈ పోలికను అంగీకరించరు. సరిగా కుట్టిన బొంతలో అతుకు చోటే తక్కిన చోట్ల కంటె గట్టిగా ఉంటుంది. ఆ గట్టితనం ఎక్కడినుండి వస్తుందో, దానికి ఎంత శ్రమ పడుతుందో లెక్క కట్టి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇంట కుట్టుకొనేవారికి కావలసిన వివరాలు కూడ ఇందులో ఉన్నాయి.

బొంత, చద్దరు, రజాయి

ఈ మూడింటినీ ఒకటిగా భావించరాదు. చద్దరు మగ్గం మీద నేసినది. షోలాపూరు చద్దరు ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ నగరంలోని మరమగ్గాల పరిశ్రమలో తెలంగాణ నుండి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాల పాత్ర ఎంతో ఉన్నది. రజాయి అంటే రెండు గుడ్డల నడుమ దూది నింపినది. దూదిని విల్లుతో ఏకి పరుపులు, రజాయిలు కుట్టే వృత్తి దూదేకులవారిది. కర్ణాటకలో వారినే పింజార, నదాఫ్ అని పిలుస్తారు. బొంతలో దూది ఉండదు. అది కేవలం గుడ్డ మీద గుడ్డ.

ఈ భేదం వాడకంలో తెలుస్తుంది. దూది నింపినదానిని నీటిలో ముంచితే దూది ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది. బొంతను ఎన్నిసార్లు ఉతికినా పొరలు చెదరవు. గుడ్డల పొరల మధ్య నిలిచిన గాలి వేడిని త్వరగా బయటికి పోనీయదు. కనుకనే మందమైన ఒక్క దుప్పటి కంటె పలుచని నాలుగు పొరల బొంత చలికి బాగా ఆగుతుంది.

గుడ్డ ఎంపిక

బొంతకు ప్రాణం నూలు గుడ్డ. ఎన్నో ఏళ్లు కట్టి, ఉతికి మెత్తబడిన నూలు చీర చెమటను పీల్చుకొంటుంది, ఒంటికి హాయిగా ఉంటుంది, సూదికి సులభంగా లొంగుతుంది. నేడు మన బీరువాలలో పాలిస్టర్ చీరలే అధికం. అవి జారిపోతాయి, చెమటను పీల్చవు, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకొంటాయి. వాటిని పూర్తిగా వదలలేనివారు నడిమి పొరలలో వేసి, పైనా క్రిందా నూలు పంచెలు గాని లుంగీలు గాని ఉంచాలి. అటువంటి బొంతను పొయ్యి దగ్గరకు, చలిమంట దగ్గరకు తీసుకొని పోరాదు.

నూలో కాదో తెలియకపోతే అంచునుండి నాలుగు పోగులు లాగి, ఆరుబయట పట్టకారుతో పట్టుకొని వెలిగించి చూడాలి. నూలు పోగు కాగితం కాలిన వాసన వేసి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద అవుతుంది. పాలిస్టర్ పోగు ముడుచుకొని కరిగి, చల్లారిన తరువాత గట్టి పూసగా మిగులుతుంది. రెండూ కలిపి నేసిన గుడ్డలో రెండు లక్షణాలూ కనబడతాయి.

తరువాత బలం చూడాలి. చీరను రెండు చేతులతో పట్టి అడ్డంగా, నిలువుగా గట్టిగా లాగాలి. చిరగనిది పై పొరకు, అడుగు పొరకు పనికివస్తుంది. చిరిగేది నడుమ వేయాలి. జరీ అంచు ఒంటికి గీసుకొంటుంది కనుక దానిని ముందే కత్తిరించి తీసివేయడం మంచిది.

కొనుగోలు

ఇంట గుడ్డ చాలనప్పుడు కట్ పీసుల దుకాణం, వారపు సంత, దర్జీల వద్ద మిగిలే కత్తిరింపు ముక్కలు అక్కరకు వస్తాయి. తమిళనాడువైపు ఉన్నవారికి ఈరోడ్ వస్త్రాల సంత, తిరుప్పూరు బనియను గుడ్డ పేరెన్నికగన్నవి. బనియను గుడ్డ సాగే స్వభావం గలది. దానిని కాళ్లు తుడుచుకొనే పట్టాలకు, మసిగుడ్డలకు వాడవచ్చు గాని బొంత పై పొరకు వాడరాదు. బళ్లారి జీన్సు కుట్టుపనికి పేరుపొందిన ఊరు. జీన్సు ముక్కలు సంచులకు దిట్టంగా ఉంటాయి. బొంతలో వేస్తే చేతిసూది దిగదు.

దుకాణంలో రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది కొలత. గజం అంటే 36 అంగుళాలు, మీటరు అంటే 39 అంగుళాలకు కొంచెం ఎక్కువ. అయిదు గజాల గుడ్డకు, అయిదు మీటర్ల గుడ్డకు సుమారు 17 అంగుళాల తేడా ఉన్నది. ధర గజానికి చెప్పినదా, మీటరుకు చెప్పినదా అని ముందే అడగాలి. రెండవది రంగు. తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తే రంగు దిగేదీ లేనిదీ తెలుస్తుంది. కొత్త నూలు గుడ్డను ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఆరబెట్టిన తరువాతనే కత్తిరించాలి. లేనిచో బొంతను మొదటిసారి ఉతికినప్పుడు కొత్త ముక్క ముడుచుకొని, పాత గుడ్డను లాగి, కుట్టు పొడవునా ముడతలు తెస్తుంది.

కొలత

ఒక్కరు పడుకొనే నాలుగు పొరల బొంతకు లెక్క చూద్దాం. పొడవు 90 అంగుళాలు, వెడల్పు 60 అంగుళాలు. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. పన్నా 45 అంగుళాలు అనుకొందాం.

ఒక చీరను 60 అంగుళాల చొప్పున కత్తిరిస్తే మూడు ముక్కలు వస్తాయి, 36 అంగుళాలు మిగులుతుంది. రెండు ముక్కలను పన్నావైపు పక్కపక్కన చేర్చి కుడితే, కుట్టులోకి పోయే అంగుళం మినహాయించి, ఒక పొర తయారవుతుంది. నాలుగు పొరలకు ఎనిమిది ముక్కలు కావాలి. మూడు చీరలలో తొమ్మిది వస్తాయి. అనగా మూడు చీరలు చాలును, ఒక ముక్క అతుకులకు మిగులుతుంది. అంచు పట్టీకి వేరే గుడ్డ అక్కరలేదు. మిగిలిన 36 అంగుళాల ముక్కను నాలుగేసి అంగుళాల వెడల్పున కత్తిరిస్తే తొమ్మిది పట్టీలు వస్తాయి. బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. ఎనిమిది పట్టీలు కలిపితే సరిపోతుంది.

పై తరగతుల పిల్లల చేత ఈ లెక్క చేయించవచ్చు. చుట్టుకొలత, వైశాల్యం, శేషం అన్నీ ఇందులోనే ఉన్నాయి.

కుట్టుకొనే చోటు

బొంతకు ప్రత్యేకమైన గది అక్కరలేదు. శుభ్రంగా ఊడ్చి చాప పరచిన అరుగు గాని, చావడి గాని చాలును. కుడిచేతితో కుట్టేవారికి వెలుతురు ఎడమవైపునుండి రావాలి. అప్పుడు చేతి నీడ కుట్టుమీద పడదు. ఎండ నేరుగా పడే చోట కళ్లు త్వరగా అలసిపోతాయి. పరచిన పొరలు కదలకుండ నాలుగు మూలలా శుభ్రమైన రాళ్లు పెట్టుకోవాలి.

సూదులు, కత్తెర, దారపు ఉండలు, వేలికి తొడుక్కొనే లోహపు తొడుగు, కొంచెం మైనం ఒకే డబ్బాలో ఉంచుకోవాలి. దారాన్ని మైనం మీద ఒకసారి లాగితే చిక్కుపడదు, సులభంగా జారుతుంది. పని మొదలుపెట్టినప్పుడు ఎన్ని సూదులు తీశారో ముగించినప్పుడు అన్ని లెక్కపెట్టి లోపల పెట్టాలి. పసిపిల్లలున్న ఇంట ఈ నియమం తప్పరాదు.

కుట్టే విధానం

ముందు అడుగు పొర పరచి, దానిపై నడిమి పొరలు, చివరగా పై పొర వేయాలి. ఒక్కొక్క పొర వేసినప్పుడల్లా మధ్యనుండి అంచులవైపు చేతితో సరిచేయాలి. ఆ తరువాత పెద్ద పెద్ద టాకాలు వేసి పొరలను తాత్కాలికంగా నిలపాలి. ఈ టాకాలు కూడ నడుమనుండి అంచులకు సాగాలి. అంచునుండి మొదలుపెడితే మధ్యలో గుడ్డ ఉబ్బి నిలుస్తుందని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. అయితే ఇదొక్కటే మార్గం కాదు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్ది స్త్రీలు కవంద్ అనే తమ బొంతలను అంచులనుండి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు చేరుతారు. మూలలలో పువ్వులవలె మడచిన చిన్న గుడ్డలు కుట్టడం వారి ప్రత్యేకత.

అసలు కుట్టు చాలా సరళమైనది. సూదిని పైకి, క్రిందికి పోనిస్తూ తిన్నగా వరుసలు సాగించడమే. ప్రతి కుట్టు అన్ని పొరలనూ దాటినదో లేదో అడుగువైపు చూస్తుండాలి. వరుసకూ వరుసకూ నడుమ అంగుళం ఉంటే బొంత మెత్తగానూ, దిట్టంగానూ ఉంటుంది. దారాన్ని మరీ బిగించి లాగితే గుడ్డ ముడుచుకొంటుంది. టాకాలు చివరకు విప్పివేయాలి. మిషను మీద కుట్టదలచినవారు 16 లేక 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచుకోవాలి.

బొంతతో పాటు మిగిలిన ముక్కలతో మసిగుడ్డలు, తలగడ గలీబులు, బడిసంచులు, కాళ్లు తుడుచుకొనే పట్టాలు కుట్టుకోవచ్చు. పసిబిడ్డకు రెండు పొరల చిన్న బొంత చాలును. దానిని బిడ్డ క్రింద మడతలు లేకుండ పరచాలి. మందమైన బొంతను బిడ్డ ముఖం మీదికి వచ్చేలా కప్పరాదు.

ఉతకడం, దాచడం

బొంత తడిస్తే బరువెక్కుతుంది. ఒకచోట పట్టి ఎత్తితే ఆ బరువుకు కుట్లు తెగుతాయి. ఇద్దరు పట్టుకొని, నీరు కారనిచ్చి, ఒకే దండెం మీద కాక రెండు దండేల మీద పరచి ఆరవేయాలి. లోపలి పొరలు పూర్తిగా ఆరనిదే మడవరాదు. యానాం వంటి తేమ గల ప్రాంతాలలో ఆరని బొంతకు బూజు త్వరగా పడుతుంది.

ట్రంకు పెట్టెలో దాచేటప్పుడు ఎండిన వేపాకు వేయడం మన అలవాటు. నాఫ్తలీన్ ఉండలు వేసేవారు పసిబిడ్డల గుడ్డలకు మాత్రం వాటిని వాడరాదు. జి-6-పి-డి అనే ఎంజైము లోపం గల శిశువులలో ఆ ఆవిరి వలన ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై, కామెర్లు ముదిరి ప్రాణాపాయం కలగవచ్చు. ఆ లోపం ఉన్నట్లు పైకి కనిపించదు.

వెల

ఇక అసలు లెక్క. 60 అంగుళాల వెడల్పున అంగుళానికి ఒకటి చొప్పున 59 వరుసలు వస్తాయి. ఒక్కొక్కటి 90 అంగుళాలు. మొత్తం 5,310 అంగుళాలు, అంటే 147 గజాలకు పైగా. అంగుళానికి మూడు కుట్లు వేసినా దాదాపు పదహారు వేల కుట్లు. చేయి తిరిగిన మనిషి ఒక వరుసను ఇరవై నిమిషాలలో ముగించినదనుకొన్నా, వరుసలకే ఇంచుమించు ఇరవై గంటలు పడుతుంది. రోజుకు ఆరు గంటలు వంచిన నడుము ఎత్తకుండ కూర్చున్నా మూడు దినాలు దాటుతుంది. చీరలు కత్తిరించడం, పొరలు పరచడం, అంచు పట్టీ వేయడం దీనికి అదనం.

మన ఊళ్లకు బొంతలు కుట్టిపెట్టేందుకు వచ్చే స్త్రీలతో బేరమాడేటప్పుడు "గుడ్డ మాదే గదా, నీది ఏమున్నది?" అని అనడం సాధారణం. ఆమెది పదహారు వేల కుట్లు ఉన్నది. ఇంట అమ్మ, అమ్మమ్మ కుట్టినప్పుడు అది తీరిక వేళ పని అని తోసివేయడం కూడ ఇటువంటిదే. పక్క ఊరిలో ఒక రోజు కూలి ఎంతో మనకు తెలుసు. దానిని మూడున్నరతో హెచ్చించి చూస్తే, బొంత కుట్టిన చేతికి ఏమి ఇవ్వాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కుట్టి అమ్మదలచినవారు కూడ గుడ్డ ఖరీదుతో కాక వరుసల లెక్కతో వెల చెప్పడం మేలు. వరుసల దూరం అర అంగుళమైతే శ్రమ రెండింతలవుతుందని కొనేవారికి చూపించి చెప్పాలి.

చివరగా ఒక మాట. మన పిల్లలు బడిలో కన్నడమో, మరాఠీయో, తమిళమో, ఒడియావో చదువుతున్నారు. సూదిని కన్నడంలో సూజి, మరాఠీలో సుఈ, తమిళంలో ఊసి, ఒడియాలో ఛుంచి అంటారని వారికి బడి నేర్పుతుంది. టాకా, పన్నా, గలీబు, పేలిక, దండెం వంటి ఇంటి మాటలు మాత్రం పని జరిగే చోట చెవిన పడితేనే నిలుస్తాయి. వేసవి సెలవులలో ఒక బొంత పరచి, ఆ పక్కన పిల్లలను కూర్చోబెట్టుకొని, నాలుగు వరుసలు వారి చేత కుట్టించండి. ఆ వరుసలు వంకరగా వచ్చినా విప్పవద్దు.