గ్రామసింహాలూ, ఉద్యోగం పోయిన షెపర్డులూ

మా ఇంట్లో నాలుగు కుక్కలున్నాయి. రెండు వీధిలో దొరికినవి. మిగతా రెండూ, ఒక జర్మన్ షెపర్డు, ఒక లాబ్రడార్, పాత యజమానులు వదిలేస్తే మా దగ్గరికి చేరాయి. ఇంటికొచ్చినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏ బ్రీడండీ?". వీధివాటి వంతు వచ్చేసరికి "ఓ, మామూలువేనా!" అని ఊరుకుంటారు.

కుక్కకీ మనిషికీ స్నేహం కుదిరి పదిహేను వేల ఏళ్ళ పైమాటే. ఈ బ్రీడు, మామూలు అన్న పట్టింపు మాత్రం నిన్నగాక మొన్నటిది. 1873లో లండన్లో కెన్నెల్ క్లబ్ పెట్టి, కుక్కల వంశవృక్షాలు రిజిస్టర్లోకి ఎక్కించారు. అంతకుముందు కుక్కని ఎక్కువగా పనిని బట్టే పిలిచేవారు. గొర్రెల కుక్క, వేటకుక్క, కాపలా కుక్క.. అంతే.

మా షెపర్డు సంగతే చూడండి. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే జర్మన్ అశ్వికదళ అధికారి ఒక ప్రదర్శనలో గొర్రెలు కాసే కుక్కని చూసి, అక్కడికక్కడే కొనేశాడు. దానికి హోరాండ్ అని పేరు పెట్టాడు. ఈ జాతి రిజిస్టర్లో మొదటి ఎంట్రీ అదే. ఆయనకి అందం కన్నా పనితనం ముఖ్యం. ఫ్యాక్టరీలొచ్చి గొర్రెల మందలు తగ్గిపోతుంటే, తన కుక్కలకి పోలీసు శాఖలోనూ, సైన్యంలోనూ కొత్త కొలువులు వెతికాడు. మన భాషలో చెప్పాలంటే రీస్కిల్లింగ్ అన్నమాట :)

లాబ్రడార్ పూర్వీకులు ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లతో పాటు చన్నీళ్ళలో దిగి వలలు లాగిన కుక్కలు.

మరి మన వీధికుక్క? "ఊరకుక్క" అంటే ఇప్పుడు తిట్టు. అసలర్థం ఊరి కుక్క అనే. గ్రామసింహం అని వేళాకోళంగా అన్నా, అదీ ఒక హోదానే. రాత్రిపూట కొత్తమనిషి అలికిడైతే మొరగడం దాని డ్యూటీ, నాలుగిళ్ళ మిగిలిన మెతుకులు దాని జీతం. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్-2లో అంతరిక్షానికి పంపిన లైకా కూడా మాస్కో వీధికుక్కే. చలికీ ఆకలికీ తట్టుకునే మొండితనం ఉందనే వీధికుక్కల్ని ఎంచుకున్నారు. పాపం, తిరిగి రాలేదు.

ఊళ్ళు నగరాలయ్యాక కాపలాకి వాచ్‌మన్ వచ్చాడు, దాని డ్యూటీ పోయింది. మద్రాసు కార్పొరేషన్ దశాబ్దాల పాటు కుక్కల్ని పట్టి చంపుతూనే ఉండేది. చంపినచోటికి కొత్తవి వచ్చేవి. 1964లో బ్లూ క్రాస్ వాళ్ళు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి వదలండని చెప్పారు. నగరం ఆ దారికొచ్చేసరికి 1996 అయింది. దేశమంతటికీ నిబంధనలు 2001లో వచ్చాయి, 2023లో వాటిని మార్చి రాశారు. కుక్కకాటుకి భయపడేవాళ్ళది తప్పని నేననను. రేబీస్ వచ్చాక దాదాపు మందు లేదు. అందుకే టీకాలూ ఆపరేషన్లూ మొక్కుబడిగా చేస్తే కుదరదు.

ఈ చరిత్రంతా మా హాల్లో రోజూ రన్ అవుతూనే ఉంటుంది. పిల్లలు పరిగెడితే షెపర్డు చుట్టూ తిరిగి ఒక మూలకి తోలుకొస్తుంది. లాబ్రడార్ నోట్లో ఎప్పుడూ ఎవరిదో ఒక సాక్సు. వీధివి రెండూ గుమ్మం దగ్గరే పడుకుంటాయి, లిఫ్టు చప్పుడైతే చెవులు లేస్తాయి. మనం అల్లరి అంటాం గానీ, వాటి లెక్కలో అది డ్యూటీ. అందుకే పొద్దున స్టాండప్ కాల్‌కి ముందు ఒక గంట వాటికి పని పెడతాను: దాచిన బంతి వెతకడం, విసిరింది తేవడం. ఆ రోజు ఇల్లు ప్రశాంతం. పని పెట్టని రోజు సోఫా సంగతి అడక్కండి.

మంచులో బండి లాగే హస్కీని తెచ్చి హైదరాబాదు ఫ్లాటు బాల్కనీలో కట్టేసి, ఆన్‌సైట్ రాగానే వదిలేసి పోయేవాళ్ళున్నారు. కొనేముందు ఏ బ్రీడో తర్వాత చూసుకోవచ్చు. మన దగ్గర దానికి చేయడానికి పనేముందో, ఆ పని చేయించే తీరిక మనకుందో లేదో ముందు చూసుకోవాలి. లేదంటారా, గుమ్మం కాసే ఉద్యోగంతో సరిపెట్టుకునే గ్రామసింహాలు మీ వీధిలోనే ఉన్నాయి. ఏమంటారు?