ఆగి ఆగి ఆడే ఆట

అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో మూడు గంటలు నడుస్తుంది. గడియారం ప్రకారం ఆట 60 నిమిషాలు. బంతి నిజంగా కదిలే సమయాన్ని లెక్కగడితే పది పదకొండు నిమిషాలు. మిగతాదంతా గుంపుగా చేరి మాట్లాడుకోవడం, లేచి వరసలు కట్టడం, రిఫరీ ఈలలు, టీవీవాళ్ల ప్రకటనలు. కొత్తగా చూసేవాడు పావుగంట తిరక్కుండా రిమోట్ కోసం వెతుక్కుంటాడు. సాకర్ అభిమానులైతే వెక్కిరించడానికి ఆ పదకొండు నిమిషాల లెక్కని కంఠతా పట్టి ఉంచుకుంటారు.

అయినా 2025 ఫిబ్రవరిలో ఈ ఆట ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ని అమెరికాలో సగటున 12.77 కోట్ల మంది చూశారు. 2023లో ఆ దేశం అత్యధికంగా చూసిన వంద ప్రసారాల్లో 93 ఈ ఆట ప్రొఫెషనల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ మ్యాచ్‌లే. ఈ మోజుకి కండబలమనీ, దేశభక్తి అనీ, బీరూ చికెన్ రెక్కలూ అనీ రకరకాల కారణాలు చెబుతుంటారు. అవన్నీ కొంత కొంత నిజమే. నాకు మాత్రం అసలు కిటుకు ఆ ఆగడంలోనే ఉందనిపిస్తుంది. ఆ ఆగడం దానంతటది వచ్చింది కాదు, ఒక 21 ఏళ్ల కుర్రాడు పట్టుబట్టి తెచ్చింది.

మొదట్లో ఈ ఆట ఇలా లేదు. 1869 నవంబర్ 6న న్యూజెర్సీలోని న్యూ బ్రన్స్‌విక్‌లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ విద్యార్థులు ఆడిన మ్యాచ్‌ని దీని పుట్టినరోజుగా చెబుతారు. జట్టుకి 25 మంది, గుండ్రటి బంతి, చేత్తో పట్టుకుని పరిగెత్తడం నిషిద్ధం. రట్గర్స్ 6-4తో గెలిచింది. ఇవాళ్టి అభిమానికి ఆ మ్యాచ్ చూపిస్తే అది మా ఆట కాదు పొమ్మంటాడు. వరస కలిసేది అయిదేళ్ల తర్వాత. 1874 మేలో మాంట్రియల్ నుంచి మెక్‌గిల్ యూనివర్సిటీ జట్టు హార్వర్డ్‌కి వచ్చింది. ఒకరోజు హార్వర్డ్ పద్ధతిలో, ఇంకోరోజు మెక్‌గిల్ వాళ్ల రగ్బీ పద్ధతిలో ఆడారు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తడం, అడ్డొచ్చినవాణ్ణి పడగొట్టడం హార్వర్డ్ కుర్రాళ్లకి తెగ నచ్చేశాయి. మరుసటి ఏడాదికి యేల్‌ని కూడా ఈ పిచ్చిలోకి లాగారు.

యేల్‌లో వాల్టర్ క్యాంప్ అనే కుర్రాడుండేవాడు. తర్వాతి రోజుల్లో గడియారాల కంపెనీ నడిపిన మనిషి. అతనికి రగ్బీలో ఒక విషయం మింగుడుపడలేదు. రెండు జట్లూ తలలు ఆనించి తోసుకుంటుంటే మధ్యలో వేసిన బంతి ఎటు బయటికొస్తుందో ఎవరికీ తెలియదు. ముందుగా ఏమీ ఆలోచించుకునే వీలు లేదు. 1880లో కాలేజీల సమావేశంలో క్యాంప్ మాట నెగ్గింది: బంతి ఒక జట్టుకే చెందాలి, రెండు జట్లూ ఎదురెదురుగా వరస కట్టాలి, బంతి ఉన్నవాళ్లే తమకు వీలైనప్పుడు దాన్ని వెనక్కి అందించి ఆట మొదలుపెట్టాలి. జట్టుకి పదకొండు మంది చాలన్నదీ అప్పుడే తేలింది.

నిబంధన దొరగ్గానే దాన్ని దుర్వినియోగం చేసేవాళ్లూ దొరికారు. 1881లో ప్రిన్స్‌టన్, యేల్ తలపడ్డప్పుడు మొదటి సగమంతా ఒక జట్టు, రెండో సగమంతా ఇంకో జట్టు బంతిని వదలకుండా కూర్చున్నాయి. స్కోరు 0-0. చూడొచ్చినవాళ్లు తిట్టుకుంటూ ఇళ్లకి పోయారు. దానికి విరుగుడుగా 1882లో క్యాంపే ఇంకో నిబంధన తెచ్చాడు: మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకెళ్లాలి, లేదంటే బంతి ఇచ్చెయ్యాలి. అయిదు గజాలు అయ్యాయో లేదో తెలియడానికి మైదానం నిండా గీతలు గీశారు. తర్వాత అవే నాలుగు ప్రయత్నాలు, పది గజాలు అయ్యాయి. మనకి ఇంటి స్థలం కొనేటప్పుడు తప్ప అక్కరకు రాని గజం, అక్కడ ప్రతి ఆదివారం కోట్లమంది నోళ్లలో నానుతుంది.

ఈ ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. కబడ్డీలో కూతకీ కూతకీ మధ్య లెక్క తేలిపోయినట్టే ఇక్కడ డౌన్‌కీ డౌన్‌కీ మధ్య తేలిపోతుంది. ఎన్ని గజాలు వచ్చాయి, ఇంకెన్ని కావాలి, ఎన్ని ప్రయత్నాలు మిగిలాయి. మ్యాచ్ మొత్తం మీద ఇలాంటి చిన్న చిన్న కథలు నూటికి పైగా నడుస్తాయి. ప్రతిదానికీ మొదలూ చివరా ఉంటాయి, మధ్యలో కొంత ఉత్కంఠ ఉంటుంది.

ఒక డౌన్‌ని దగ్గర్నుంచి చూద్దాం. మూడో ప్రయత్నం, ఇంకా ఏడు గజాలు కావాలి. ముందరి డౌన్ ముగిసిన దగ్గర్నుంచి 40 సెకన్ల గడియారం తిరుగుతోంది. మైదానంలో జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకరుంది. ఏ ఎత్తు వెయ్యాలో కోచ్ అందులో చెబుతాడు. గడియారం 15 సెకన్లకి రాగానే ఆ స్పీకరు మూగబోతుంది. అక్కణ్ణుంచి అతను ఒంటరి. ఎదుటి వరసని తేరిపార చూస్తాడు. వెనకెక్కడో నిలబడ్డ డిఫెండరు రెండడుగులు ముందుకి జరిగాడు. అది నిజంగా దూకడానికా, బెదిరించడానికా? క్వార్టర్‌బ్యాక్ చెయ్యి ఊపి, కేక వేసి, అప్పటికప్పుడు ఎత్తు మారుస్తాడు. అదే సమయంలో గ్యాలరీలో జనానికి కూడా పనుంది. తమ జట్టు చేతిలో బంతి ఉంటే నోరు మూసుకుంటారు. ఎదుటి జట్టు దగ్గరుంటే ఆ కేకలు వాళ్లలో వాళ్లకే వినబడకుండా గొంతు చించుకుంటారు. కాన్సస్ సిటీ స్టేడియంలో 2014లో ఆ గోల 142.2 డెసిబెల్స్‌కి చేరి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇంతా అయ్యాక బంతి కదులుతుంది. నాలుగైదు సెకన్లలో అంతా ఒక కుప్పగా పడతారు. ఈల.

అసలు ఆట ఆ కుప్పలో లేదు, అంతకు ముందరి 40 సెకన్లలో ఉంది. సోఫాలో కూర్చున్న మామూలు మనిషి కూడా ఆ వ్యవధిలో తానే కోచ్ అయిపోయి, పరిగెత్తించాలా విసరాలా అని పక్కవాడితో వాదించగలడు. సాకర్‌లో అంత తీరిక దొరకదు. క్రికెట్ చూసి పెరిగిన మనవాళ్లకి ఆ రుచి వేరే చెప్పక్కర్లేదు.

అయితే ఈ ఆట చచ్చిపోవాల్సిన రోజొకటి వచ్చింది. తొలినాళ్లలో బంతిని ముందుకి విసరడానికి వీల్లేదు. అందరూ ఒకరినొకరు పట్టుకుని బాణం మొనలా దూసుకెళ్లి ఎదుటివాణ్ణి తొక్కడమే వ్యూహం. హెల్మెట్లు తప్పనిసరి కాదు. మెడలు విరిగేవి. 1905 సీజన్లో ఆడుతూ చనిపోయిన కుర్రాళ్లు డజనున్నర మందికి పైనేనని చికాగో ట్రిబ్యూన్ లెక్క చెప్పింది. కొన్ని కాలేజీలు ఆటనే ఎత్తేశాయి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దల్ని వైట్‌హౌస్‌కి పిలిపించి, ఆటని బాగుచెయ్యమని చెప్పాడు. 1906లో బంతిని ముందుకి విసరడానికి అనుమతి వచ్చింది. పెద్ద కాలేజీలు పాత అలవాటు మానలేదు గానీ 1913లో ఇండియానా నుంచి వచ్చిన నోటర్ డేమ్ అనే పెద్దగా పేరులేని కాలేజీ, ఆ విసురుడుతోనే సైనిక అకాడమీ ఆర్మీ జట్టుని 35-13తో చిత్తు చేసింది. ఆ బంతుల్ని అందుకున్నవాడు నూట్ రాక్నీ. తర్వాత కోచ్‌గా ఇంటింటా తెలిసిన పేరు. ప్రాణాలు కాపాడటానికి తెచ్చిన మార్పు ఆటకి అందాన్ని కూడా తెచ్చింది. యాభై గజాల అవతల పరిగెత్తేవాడి వేళ్లలోకి బంతి వచ్చి వాలడం కంటే చూడముచ్చటైనది ఈ ఆటలో మరొకటి లేదు.

చాలాకాలం ఇది కాలేజీల సొత్తు. డబ్బు పుచ్చుకుని ఆడటం నామోషీ. 1892లో పిట్స్‌బర్గ్ దగ్గర హెఫెల్‌ఫింగర్ అనే యేల్ వీరుడు ఒక్క మ్యాచ్‌కి 500 డాలర్లు పుచ్చుకున్నాడని లెక్కల పుస్తకం బయటపడే దాకా చరిత్రకారులకే రూఢిగా తెలియలేదు. 1920 సెప్టెంబర్‌లో ఒహాయో రాష్ట్రం కాంటన్ ఊళ్లో, ఒక కార్ల షోరూంలో, కుర్చీలు చాలక కార్ల ఫుట్‌బోర్డుల మీద కూర్చుని కొందరు జట్ల యజమానులు పెట్టుకున్న సంఘమే రెండేళ్లకి ఎన్‌ఎఫ్‌ఎల్ అయింది. ఆ రోజు కూడిన ఊళ్ల పేర్లు చూస్తే చాలావరకు మిల్లులూ ఫ్యాక్టరీల ఊళ్లే. మరుసటి ఏడాది లీగులో చేరిన అలాంటి ఊళ్లలో ఒకటి విస్కాన్సిన్‌లోని గ్రీన్‌బే. జనాభా లక్ష పైచిలుకు, స్టేడియంలో సీట్లు 80 వేల పైచిలుకు. జట్టుకి కోటీశ్వరుడైన యజమాని లేడు. వాటాదార్లే ఓనర్లు, ఇప్పుడు వాళ్లు అయిదు లక్షలకు పైనే. ఆ వాటా మీద పైసా లాభం రాదని తెలిసీ కాగితం ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకుంటారు.

ఇంత చిన్న ఊరు న్యూయార్క్‌తో సమానంగా ఎలా నిలబడింది? ఇక్కడ కథ మైదానం వదిలి బోర్డు రూంలోకి వెళుతుంది. 1936 నుంచి కొత్త ఆటగాళ్లని ఎంచుకునే తొలి అవకాశం కిందటేడు అట్టడుగున ఉన్న జట్టుకే ఇస్తున్నారు. 1961లో లీగు కమిషనర్ పీట్ రొజెల్ అన్ని జట్ల టీవీ హక్కుల్నీ ఒక్క మూటగా కట్టి అమ్మడానికి అమెరికన్ కాంగ్రెస్‌తో చట్టమే చేయించాడు. వచ్చిన డబ్బు అందరికీ సమానం. న్యూయార్క్ జయంట్స్ యజమానులు మారా కుటుంబం విడిగా అమ్ముకుంటే ఎంతో ఎక్కువ వచ్చేది. వాళ్లు సరేనన్నారు. సీబీఎస్‌తో కుదిరిన మొదటి ఒప్పందం ఏడాదికి 46.5 లక్షల డాలర్లు, పంచుకున్నవి 14 జట్లు. 2021లో కుదుర్చుకున్న ఒప్పందాల విలువ పదకొండేళ్లకి 11 వేల కోట్ల డాలర్ల పైమాట. పెట్టుబడిదారీ దేశానికి అత్యంత ప్రియమైన ఆట ఆదాయం పంచుకునే తీరులో సోషలిజం అన్న జోకు అమెరికాలో పాతబడిపోయింది. ఫలితం మాత్రం పాతబడలేదు. ఏ ఊరి అభిమానికైనా వచ్చే ఏడాది మీద ఆశ మిగులుతుంది.

ఇక టీవీ. 1958 డిసెంబర్ 28న యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్, న్యూయార్క్ జయంట్స్ ఫైనల్ టై అయి అదనపు సమయానికి వెళ్లింది. జానీ యునైటస్ నడిపించిన కోల్ట్స్ 23-17తో గెలిచింది. ఇళ్లలో చూసిన నాలుగు కోట్ల పైచిలుకు జనం ఒక్క సాయంత్రంలో అభిమానులయ్యారు. అయిదేళ్ల తర్వాత, 1963 డిసెంబర్ 7న, ఫిలడెల్ఫియాలో ఆర్మీ, నేవీ మ్యాచ్. కెన్నెడీ హత్య జరిగి రెండు వారాలే అయింది. సీబీఎస్ డైరెక్టర్ టోనీ వెర్నా అర టన్ను దాటిన టేప్ యంత్రాన్ని న్యూయార్క్ నుంచి మోయించుకొచ్చాడు. అందులో టేపు కూడా అంతకుముందు ఒక హాస్య సీరియల్ రికార్డు చేసిన పాత టేపు. మ్యాచ్ చివర్లో ఆర్మీ టచ్‌డౌన్ చెయ్యగానే అదే దృశ్యాన్ని మళ్లీ చూపించాడు. జనం కంగారు పడతారని వ్యాఖ్యాత, ఆర్మీ మళ్లీ స్కోరు చెయ్యలేదండోయ్ అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆగి ఆగి ఆడే ఆటకి రీప్లే దొరికాక ఖాళీ సమయమన్నదే లేకుండా పోయింది. క్యాంప్ పెట్టిన విరామం టీవీ కోసమే పెట్టినట్టు అమరింది. ప్రకటనలకి కూడా, అనుకోండి.

ఈ మోజుకి ఆట అపురూపం కావడం ఇంకో కారణం. బేస్‌బాల్ జట్టు సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఫుట్‌బాల్ జట్టు 17 ఆడుతుంది. ఒక్కటి పోతే వారమంతా ఇంట్లో ముఖాలు మాడ్చుకోవాల్సిందే. రోజులు కూడా పంచేసుకున్నారు: శుక్రవారం రాత్రి హైస్కూళ్లది, శనివారం కాలేజీలది, ఆదివారం ఎన్‌ఎఫ్‌ఎల్‌ది. ఆ శుక్ర, శనివారాల జోలికి రానివ్వకుండా ఎన్‌ఎఫ్‌ఎల్‌ని కట్టడి చేసింది కూడా ఆ టీవీ చట్టమే. మన తెలుగువాళ్లు ఈ ఆటలోకి అడుగుపెట్టేది ఎక్కువగా శుక్రవారం గుమ్మంలోంచే. డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో, ఆలెన్‌లలో తెలుగు కుటుంబాలు బోలెడు. ఆలెన్ హైస్కూలు స్టేడియానికి అయిన ఖర్చు 6 కోట్ల డాలర్లు, పట్టే జనం 18 వేలు. స్కూలు బ్యాండులో కూతురు ట్రంపెట్ ఊదుతోందని వెళ్లిన తల్లిదండ్రులు రెండు సీజన్లయ్యేసరికి థర్డ్ డౌన్‌లో కోచ్ చేసిన తప్పుల గురించి మాట్లాడుతుంటారు. ఇండియాలో ఉన్న తాతగారికి సూపర్ బౌల్ సోమవారం తెల్లవారుజామున అయిదింటికి మొదలవుతుంది, కాఫీ వేళకి.

ఈ అభిమానానికి మచ్చ లేకపోలేదు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ దిగ్గజం మైక్ వెబ్‌స్టర్ 2002లో, 50 ఏళ్ల వయసులో, మతి చెదిరి చనిపోయాడు. అతని మెదడుని పరీక్షించిన నైజీరియా డాక్టర్ బెనెట్ ఒమాలు, పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే జబ్బు అందులో ఉందని 2005లో ప్రచురించాడు. లీగు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు, డాక్టర్‌నే తప్పుపట్టింది. తర్వాత మాజీ ఆటగాళ్లకి వంద కోట్ల డాలర్ల మేర పరిహారం కట్టే ఒప్పందానికి వచ్చింది. టీవీ ముందు జనం తగ్గలేదు. కొడుకుని ఆడనిచ్చే విషయంలో మాత్రం చాలామంది తల్లులు ఇప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తున్నారు.

నిబంధనల మరమ్మతు క్యాంప్ కాలంలోలాగే ఇప్పటికీ నడుస్తోంది. 2024లో బంతిని తన్ని ఆట మొదలుపెట్టే కిక్‌ఆఫ్ పద్ధతి మొత్తం మార్చేశారు. పది గజాల ఇనప గొలుసుతో కొలిచే పనిని 2025 నుంచి కెమెరాలకి అప్పగించి, గొలుసు పట్టుకునేవాళ్లని అవసరమైతే ఉంటారని పక్కన నిలబెట్టారు. ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆడే ఒక ఎత్తు మీద పెద్ద గొడవ జరిగింది. గజం కావాల్సి వచ్చినప్పుడు క్వార్టర్‌బ్యాక్‌ని వెనకనుంచి ఇద్దరు ముగ్గురు పట్టుకుని నెట్టేస్తారు. 1905 నాటి తొక్కుడు మళ్లీ వచ్చిందని కొందరి గోల. దాన్ని నిషేధించాలని గ్రీన్‌బేనే ప్రతిపాదన పెట్టింది. 2025 మేలో 32 జట్లూ ఓట్లు వేశాయి. నెగ్గడానికి 24 కావాలి, 22 పడ్డాయి. ఆ సీజన్లోనూ ఈగిల్స్ తన క్వార్టర్‌బ్యాక్‌ని నెడుతూనే ఉంది.