ఆభా ఖాతా, పేద వృద్ధులు

ఆభా (ఆయుష్మాన్ భారత్ హెల్త్ అకౌంట్) అనేది వైద్య రికార్డులను ఆన్‌లైన్‌లో చూసుకోవడానికి, డాక్టర్లకు చూపించడానికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల నంబరు. ఈ నంబరు ఇచ్చే పథకాన్ని 2020 ఆగస్టు 15న ప్రకటించి, మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో నడిపి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటా ప్రారంభించారు. నేషనల్ హెల్త్ అథారిటీ నిర్వహిస్తోంది. నంబరు తీసుకోవడం ఉచితం, తప్పనిసరి మాత్రం కాదు.

రికార్డులు చికిత్స చేసిన ఆసుపత్రిలో, పరీక్ష చేసిన ల్యాబులోనే ఉంటాయి. రోగి ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరుకు కనిపిస్తాయి. ఇచ్చిన అనుమతిని రోగి రద్దు చేసుకోవచ్చు కూడా. ఏళ్ల తరబడి బీపీకి, షుగరుకు మందులు వాడుతూ, పాత చీటీలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తిరిగే ముసలివాళ్లకు ఇది నిజంగా అక్కరకొచ్చే ఏర్పాటు.

చిక్కంతా ఫోను దగ్గరే. ఖాతా తెరవడానికి ఎక్కువగా వాడే పద్ధతిలో ఆధార్‌కు జతచేసిన నంబరుకు ఓటీపీ వస్తుంది. పేద ఇళ్లలో ఆ నంబరు చాలాసార్లు కొడుకుదో మనవడిదో అయి ఉంటుంది. తల్లి ఆదోనిలో ఓపీ కౌంటరు ముందు నిలబడితే, ఓటీపీ హైదరాబాదుకు పనికి వెళ్లిన కొడుకు ఫోనులో మోగుతుంది. అతను సెంట్రింగు పనిలో ఉండి ఫోను ఎత్తకపోతే ఆమె పని ఆగినట్టే. వేలిముద్రతోనూ ఖాతా తెరవవచ్చు గానీ, జీవితమంతా కూలి చేసిన చేతుల్లో గీతలు అరిగిపోయి చాలాసార్లు యంత్రానికి అందవు. అన్నిటికన్నా ఆలోచించాల్సింది అనుమతి సంగతి. చట్టం దృష్టిలో ఒప్పుకున్నది రోగి, మీట నొక్కింది ఫోను ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. కోడలికి చెప్పుకోలేని జబ్బు ఆ ఇంట్లో దాగదు.

2022 అక్టోబరులో వచ్చిన ‘స్కాన్ అండ్ షేర్’తో కౌంటరు దగ్గరి క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకోవచ్చు. కీప్యాడ్ ఫోనుతో అది కుదరదు. కాళ్ల నొప్పులతో వరుసలో నిలబడలేనివాళ్లే మామూలు వరుసలో మిగిలిపోతున్నారు.

నంబరు ఉన్నట్టు తెలియనివాళ్లూ ఉన్నారు. 2021లో కోవిడ్ టీకాకు ఆధార్ చూపినవాళ్లలో చాలామందికి అప్పుడే హెల్త్ ఐడీ (ఆభాకు అప్పటి పేరు) ఇచ్చి, సర్టిఫికెట్ మీద ముద్రించారు. ఆభా నంబరును వైద్యం ఖర్చు భరించే ఆయుష్మాన్ కార్డుతో కలగలుపుకోవడం మామూలే. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించేది 2024 అక్టోబరు 29న మొదలైన వయ వందన అనే ఆయుష్మాన్ కార్డు. ఆభా నంబరుతో చికిత్స ఖర్చు రాదు. ఈ తేడాను నంబరు ఇచ్చే రోజునే, వాళ్ల మాటల్లో, ఆశా కార్యకర్తో ఏఎన్‌ఎమ్మో విడమరచి చెప్పాలి.