కలిమా వ్రాసిన జెండా

జెండా అంటే ఒక గుడ్డముక్కే గదా అని కొందరంటారు. ఆ గుడ్డమీద ఏమి వ్రాసి వున్నదో తెలిస్తే అలా అనరు. మన సంఘ కుటుంబాలలో హజ్ చేసి వచ్చినవారు, జెద్దా, రియాద్‌లలో ఉద్యోగాలు చేసినవారు ఉన్నారు. వారందరూ సౌదీ అరేబియా జెండాను చూసినవారే. ఆ జెండా సంగతి మన పిల్లలకు కూడా తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

అబ్దుల్ అజీజ్ రాజు 1932లో తన ఏలుబడిలోని ప్రాంతాలన్నిటినీ కలిపి సౌదీ అరేబియా అని పేరు పెట్టాడు. 1937 మార్చి 11న జెండాకు ఆమోదం తెలిపాడు. ఇప్పుడు మనం చూస్తున్న రూపం 1973లో స్థిరపడింది. 2023 నుండి మార్చి 11ను అక్కడ జెండా దినంగా జరుపుకుంటున్నారు.

జెండా అంతా ఆకుపచ్చ. వెడల్పు, పొడవులో మూడింట రెండు వంతులు. నడుమ సులుస్ లిపిలో తెల్లగా కలిమా. దాని క్రింద ఒక ఖడ్గం. అల్లాహ్ ఒక్కడే ఆరాధ్యుడనీ, ముహమ్మద్ (స) ఆయన ప్రవక్త అనీ ఇచ్చే సాక్ష్యమే కలిమా. ఖడ్గం బలానికీ, న్యాయానికీ గుర్తు అని చెబుతారు.

ఇక్కడొక విశేషం గమనించాలి. మామూలు జెండాను వెనుకనుంచి చూస్తే అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కలిమా అలా కనిపించకూడదు గదా! అందుకే రెండు గుడ్డలు కలిపి కుట్టి, ఎటునుంచి చూసినా కుడినుండి ఎడమకు సరిగా చదువుకునేట్లు చేస్తారు. ఇంకొకటి, ఈ జెండాను సగానికి దించరు. 1992 నాటి మూలశాసనంలోనే ఆ మాట వుంది. 2015లో అబ్దుల్లా రాజు మరణించినప్పుడు కూడా దించలేదు. రాజు ఎంతటివాడైనా కలిమా కంటె పెద్దవాడు కాడని దీని భావం.

తుర్కీ, పాకిస్తాన్ జెండాలమీద నెలవంక, నక్షత్రం ఉన్నాయి. చాలామంది నెలవంకే ఇస్లాం గుర్తు అనుకుంటారు. ఉస్మానియా సుల్తానుల జెండాలవల్ల అది ప్రచారంలోకి వచ్చింది గాని, దానిని మతచిహ్నంగా పెట్టుకోమని ఖుర్‌ఆన్‌లో ఎక్కడా లేదు. కాలాన్నీ, హజ్ రోజులనూ లెక్కించుకోవడానికే నెలవంకలని అందులో వుంది. కలిమా సంగతి అలా కాదు. అది గుర్తు కాదు, విశ్వాసమే.

అందుకే దానితో జాగ్రత్త అవసరం. 2007లో ఆఫ్ఘనిస్తాన్‌లోని ఖోస్త్‌లో అమెరికా సైనికులు పిల్లలకోసం హెలికాప్టర్లనుండి ఫుట్‌బాల్ బంతులు జారవిడిచారు. వాటిమీద అనేక దేశాల జెండాలతోపాటు సౌదీ జెండా కూడా వుంది. కలిమా వున్న బంతిని కాలితో తన్నడమా అని జనం వీధుల్లోకి వచ్చారు. సైన్యం విచారం తెలపవలసి వచ్చింది. ఇచ్చినవారి ఉద్దేశం మంచిదే, తెలియకపోవడమే తప్పయింది.

మరి తెలిసిన మన మాటేమిటి? మీలాద్ పండుగకు కలిమా అచ్చువేసిన కాగితపు జెండాలు వీధి పొడుగునా కడతాం. వాన పడితే అవి ఎక్కడ పడతాయో ఆలోచిస్తున్నామా? కట్టిన చేతులే మర్నాడు వాటిని తీసి భద్రపరచాలి. అంత ఓపిక లేకపోతే ఉత్త పచ్చజెండా కట్టుకున్నా పండుగకు లోటేమీ రాదని సభ్యులకు మనవి చేస్తున్నాము.