పావగడ సీమలో మంత్రసాని

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలెనని తెలుగువారి సామెత. పరిహాసమునకు వాడు ఈ మాట వెనుక ఒక వృత్తిధర్మము కలదు. అర్ధరాత్రమున పిలుపు వచ్చినను, కాన్పు సుఖమో కష్టమో తెలియకున్నను, ఆమె పోవలసినదే.

ఈ ధర్మమునకు నిదర్శనము కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పావగడ తాలూకాలో కలదు. ఆంధ్రభూమి చాలవరకు చుట్టియున్న ఈ సీమలో తెలుగు తరతరములుగా ఇండ్లలో వినవచ్చు భాష. 1920లో తిమ్మనాయకనహళ్లి చెంత సంచార కుటుంబమున జన్మించిన నరసమ్మ మాతృభాష తెలుగే. ఆమెకు చదువు లేదు. అవ్వ కాన్పులు చేయుచుండగా చూచి ఆ విద్య నేర్చెను. 1940లో తొలిసారి పురుడు పోసినది మొదలు సుమారు 70 సంవత్సరములలో 15,000 కాన్పులు ప్రతిఫలము కోరక చేసెనని ప్రసిద్ధి. కన్నడిగులు మంత్రసానిని సూలగిత్తి యందురు. ఆ మాటయే ఆమెకు ఇంటిపేరువలె నిలిచినది. తుమకూరు విశ్వవిద్యాలయము 2014లో గౌరవ డాక్టరేటును, భారత ప్రభుత్వము 2018లో పద్మశ్రీని ఒసగెను. ఆ యేడే డిసెంబరు 25న ఆమె కన్నుమూసెను.

గర్భము తడిమి శిశువు తల ఎటున్నదో తెలిసికొనుట, నొప్పులు పడు స్త్రీకి ధైర్యము చెప్పుట, బాలింతను, పసిబిడ్డను కొన్నినాళ్లు కనిపెట్టి చూచుట మంత్రసానుల పని. అయితే ఆ విద్యకు హద్దులును కలవు. రక్తస్రావము ఆగనప్పుడు, బిడ్డ అడ్డము తిరిగినప్పుడు అనుభవ మొక్కటియే చాలదు. శుభ్రము చేయని కత్తితో బొడ్డు కోయుటవలన ధనుర్వాతము సోకి శిశువులు మరణించిన సందర్భములు పల్లెలలో అరుదు కావు. ఈ లోపములు దిద్దుటకే మంత్రసానులకు శిక్షణ నొసగు విక్టోరియా స్మారక నిధి 1903లో ఏర్పడెను. 2005లో జననీ సురక్షా యోజన ఆసుపత్రి కాన్పులను ప్రోత్సహించెను. లక్ష సజీవ జననములకు దేశమున ప్రసూతి మరణములు 2014–16లో 130 కాగా, 2018–20లో 97కు తగ్గినవి. ఈ మేలును కాదనరాదు.

కాని ఆసుపత్రి ఒసగజాలనిది ఒకటి కలదు. పరభాషా ప్రాంతమున తెలుగు చూలాలు తన బాధను తన మాటలలో చెప్పుకొనుటకు మంత్రసాని దిక్కై యుండెను. ఉమ్మనీరు, మావి, బొడ్డుతాడు, పురిటిస్నానము మొదలగు పలుకులు ఆ పురిటిగదులలోనే నిలిచినవి. మంత్రసానుల విద్య గ్రంథస్థము కాలేదు, వారితోనే అంతరించుచున్నది. పురిటింటి పనులెరిగిన వృద్ధులు ఏ యూరనున్నను, వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసి యుంచుట నేటి తరమువారి విధి.