సుడిదోమ చెప్పిన లెక్క

పైరుకు తెగులొస్తే గ్రామదేవతకు మొక్కడం మూఢనమ్మకమంటే మన మిత్రులెవరూ కాదనరు. మరి పురుగున్నా లేకున్నా క్యాలెండరు చూసి మందు కొట్టడాన్ని ఏమనాలి? సీసా మీద రసాయన సూత్రం ఉంది కనుక అది శాస్త్రీయమేనని సరిపెట్టుకుంటాం. ఇండొనేషియా వరి రైతులు ఈ ప్రశ్నకు భారీ మూల్యం చెల్లించి జవాబు తెలుసుకున్నారు.

1970లలో అక్కడి ప్రభుత్వం కొత్త వరి వంగడాలు, ఎరువులు, పురుగుమందులు అన్నీ కలిపి రైతులకు అందించింది. ఒక దశలో మందు ధరలో 80 శాతానికి పైగా సర్కారే భరించింది. 1980ల నడుమ ఈ సబ్సిడీ ఏడాదికి పది కోట్ల డాలర్లు దాటింది. రక్షణ శాఖ పద్దులు చూసి రిటైరైనవాణ్ణి; ఇంత ఖర్చు కనబడితే నేను ముందు అడిగేది ఒక్కటే: దీనివల్ల ఒరిగిందేమిటి?

ఒరిగింది సుడిదోమ! అంతకుముందు పెద్దగా లెక్కలోకి రాని పురుగది. దుబ్బుల మొదట్లో చేరి రసం పీలుస్తుంది. పైరు సుడులు సుడులుగా ఎండిపోతుంది. 1976-77లో జావాను దెబ్బతీసింది. దోమను తట్టుకుంటుందని తెచ్చిన ఐఆర్ 26 వంగడం కొద్ది ఏళ్ళకే లొంగిపోయింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని దేశం సంబరపడింది. 1986కల్లా దోమ మళ్ళీ విరుచుకుపడింది.

ఎందుకిలా? ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్మోర్ అనే శాస్త్రవేత్త 1970ల చివర్లో మందు కొట్టిన మళ్ళనూ, కొట్టని మళ్ళనూ పోల్చి చూశాడు. కొట్టని మళ్ళలో దోమ అదుపులో ఉంది. కొట్టిన మళ్ళలో విపరీతంగా పెరిగింది. కారణం సులువైనదే. దోమ గుడ్లు ఆకు తొడుగుల లోపల ఉంటాయి. మందు వాటికి సరిగా తగలదు. దోమను తినే సాలీళ్ళు, దాని గుడ్లను పీల్చే మిరిడ్ నల్లులు మాత్రం చస్తాయి. గుడ్లు పొదిగేసరికి అడ్డుకునేవాడే ఉండడు.

1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వు ఇచ్చి వరిలో 57 రకాల పురుగుమందులను నిషేధించాడు. 1989 ఆరంభానికి సబ్సిడీ పూర్తిగా ఎత్తేశారు. మందులు తగ్గితే పంట పోతుందని భయపెట్టినవారున్నారు. మందుల వాడకం బాగా తగ్గింది, పంట మాత్రం తగ్గలేదు. 1989 నుంచి లక్షలాది రైతులు పొలంలోనే కూర్చుని పురుగులు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. మన రాష్ట్రంలో తర్వాత వచ్చిన 'పొలంబడి'కి మూలం అదే.

కథ ఇక్కడితో సుఖాంతం కాలేదు. 1990ల చివరికి ఆ శిక్షణ కార్యక్రమం ఆగింది, మందుల వ్యాపారం మళ్ళీ పుంజుకుంది. 2009-11 మధ్య జావాలో సుడిదోమ మరోసారి పొలాలను మాడ్చింది.

ఒకసారి రుజువైన విషయం కూడా, పరీక్షించే అలవాటు పోతే, మరుగున పడుతుంది. మన గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ సుడిదోమ ఉంది. ఈసారి మందు డబ్బా అందుకునే ముందు, నాలుగు దుబ్బులు తట్టి దోమలెన్ని, సాలీళ్ళెన్ని లెక్కపెట్టమని మీ ఊరి రైతుకు చెప్పండి. దానికి పైసా ఖర్చు లేదు.